అక్షయనీవి: చదువుకు ఆసరా అయిన చేతుల చరిత్ర

విద్యాచరిత్ర రాసేవారు సాధారణంగా గురువుల గురించి, గ్రంథాల గురించి, విద్యాలయాల వైభవం గురించి రాస్తారు. విద్యార్థి ఆ పూట ఏమి తిన్నాడు, రాత్రి ఎక్కడ తల వాల్చాడు, దీపంలో నూనె ఎవరు పోయించారు అన్న ప్రశ్నలు ఆ పుటలలో అరుదుగా కనిపిస్తాయి. ఈ దేశంలో ఎవరు చదువుకొన్నారు, ఎవరు చదువుకోలేకపోయారు అన్నది తేలింది మాత్రం చాలావరకు ఈ ప్రశ్నల దగ్గరే. ప్రతిభ అన్ని ఇళ్లలోనూ పుట్టింది. ఆ ప్రతిభ పెద్ద చదువు ముగిసేదాకా నిలవడానికి కావలసిన కూడు, గూడు, రుసుము మాత్రం అన్ని ఇళ్లలోనూ లేవు.

ధమ్మ మార్గంలోకి వచ్చిన మనకు ఈ చరిత్ర రెండు విధాల ముఖ్యం. విద్యార్థికి, భిక్షువుకు నిలకడైన నిధిని సమకూర్చిన ప్రాచీన వ్యవస్థలలో బౌద్ధ సంఘానిది ముందు వరుస. ఆధునిక భారతంలో అణగారిన కులాల విద్యార్థికి ప్రభుత్వ ఖజానా తలుపు తీయించినవాడు మనకు దీక్ష ఇచ్చిన బాబాసాహెబ్ అంబేద్కర్. ఈ రెండింటి మధ్య ఉన్న సంబంధాన్ని పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

తక్షశిల వాకిట

జాతక కథలు తక్షశిల చదువుల గురించి ఎన్నో వివరాలు చెబుతాయి. కథలను శాసనాలతో సమానంగా నమ్మలేము. అయినా ఒక కాలపు సమాజం వేటిని మామూలు విషయాలుగా భావించిందో అవి చక్కగా తెలియజేస్తాయి. ఆ కథలలో విద్యార్థి ఆచార్యునికి వెయ్యి నాణేలు రుసుముగా తెచ్చి ఇస్తాడు. ఇవ్వలేనివాడు ధమ్మాంతేవాసికుడై పగలంతా గురువు ఇంట పనిచేసి రాత్రివేళ పాఠం వింటాడు. తిలముట్ఠి జాతకం ఈ రెండు రకాల శిష్యులనూ స్పష్టంగా వేరుచేసి చెబుతుంది. రుసుము ఇచ్చినవానిని గురువు ఇంటి పెద్దకొడుకులా చూసేవాడట. లోసక జాతకంలో మరొక ఏర్పాటు కనిపిస్తుంది. వారాణసి పురజనులు బీద పిల్లలకు రోజూ అన్నం పెట్టి ఉచితంగా చదువు చెప్పించేవారని అందులో ఉంది.

వీటన్నిటికంటె మనం మరచిపోకూడనిది చిత్తసంభూత జాతకం. ఉజ్జయిని చండాల వాడలో పుట్టిన ఇద్దరు సోదరులు తమ పుట్టుక కారణంగా దెబ్బలు తిని, ఆ పుట్టుకను దాచుకొని బ్రాహ్మణ యువకుల వేషంలో తక్షశిలకు వెళ్తారు. చదువు బాగానే సాగుతుంది. ఒకనాడు ఒక ఊరిలో భోజనానికి పిలుపు వస్తుంది. వేడి వేడి ముద్ద నోట పెట్టుకొన్న తమ్ముడు కాలి విలవిలలాడతాడు. దాన్ని ఉమ్మేయమని అన్న కంగారులో తమ వాడ భాషలోనే చెబుతాడు. ఆ భాషతో గుట్టు బయటపడుతుంది. తోటి విద్యార్థులు ఇద్దరినీ కొట్టి తరిమేస్తారు.

ఆ సోదరులకు అన్నం దొరకక చదువు ఆగలేదు. అన్నం ముందు కూర్చొన్నప్పుడే ఆగింది. ఆర్థిక సహాయం చదువుకు అవసరమే గాని, దానితోపాటు గౌరవం అందకపోతే ఆ సహాయం మధ్యలోనే తెగిపోతుందన్న సత్యాన్ని ఈ కథ ఎంతో ముందే చెప్పింది.

తరగని నిధి

దాత మంచిమనసు మీద ఆధారపడిన సాయం ఆ దాత ఉన్నంతకాలమే ఉంటుంది. ఈ చిక్కుకు బౌద్ధ సంఘమూ, ఆనాటి వర్తక సమాజమూ కలిసి కనిపెట్టిన పరిష్కారం అక్షయనీవి. నీవి అంటే మూలధనం. దానిని ఎన్నడూ ముట్టరాదు, వడ్డీ మాత్రమే వాడుకోవాలి.

నాసిక్ గుహలలో నహపాణుని అల్లుడు ఉషవదాతుడు చెక్కించిన శాసనం ఇందుకు మంచి ఉదాహరణ. క్రీ.శ. 2వ శతాబ్దపు తొలినాళ్లలో అతడు గుహలో నివసించే భిక్షువుల కోసం 3,000 కార్షాపణాలను అక్షయనీవిగా ఇచ్చాడు. అందులో 2,000 ఒక సాలెల శ్రేణి దగ్గర నూటికి నెలకు ఒకటి చొప్పున వడ్డీకి ఉంచాడు. మిగిలిన 1,000 మరొక శ్రేణి దగ్గర నూటికి ముప్పావు చొప్పున ఉంచాడు. మొదటి మొత్తం మీద ఏడాదికి వచ్చే వడ్డీ 240. వర్షావాసం గడిపే 20 మంది భిక్షువులకు చీవరాల కోసం తలకు 12 చొప్పున సరిగ్గా సరిపోతుంది. ఈ అసలు తిరిగి చెల్లించవలసినది కాదని, వడ్డీ మాత్రమే అనుభవించాలని శాసనం చెబుతుంది. పైగా ఈ విషయాన్ని నిగమ సభలో వినిపించి, పలకల మీద నమోదు చేయించారు. మూలధనం, వడ్డీ రేటు, లబ్ధిదారుల సంఖ్య, ఒక్కొక్కరికి ఎంత, లెక్క ఎక్కడ ఉంది అన్న అయిదు ప్రశ్నలకూ ఆ రాతిమీద జవాబు ఉంది.

మన కృష్ణాతీరం కూడా ఈ సంప్రదాయానికి దూరం కాదు. ఇక్ష్వాకుల విజయపురిలో, అంటే నేటి నాగార్జునకొండలో, ఆరామాలకు దానమిచ్చినవారిలో స్త్రీలే ముందున్నారు. రాజకుటుంబానికి చెందిన చాంతిసిరి మహాచైత్యానికి పెద్ద దాత. ఉపాసిక బోధిసిరి తామ్రపర్ణి థేరుల కోసం చైత్యగృహం కట్టించింది. సముద్రం దాటి వచ్చినవారికి కూడా తావు కల్పించిన నేల ఇది. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్ ధాన్యకటక ప్రాంతంలో కొన్ని నెలలు ఆగి సుభూతి, సూర్యుడు అనే ఇద్దరు భిక్షువుల దగ్గర అభిధర్మం చదివాడు. తనకు తెలిసిన మహాయాన శాస్త్రాలను వారికి బోధించాడు. అక్కడ చదువుకు చెల్లింపు చదువే అయింది.

నాలందాలో ఈ వ్యవస్థ పరిపూర్ణ రూపం దాల్చింది. హ్యూయన్‌త్సాంగ్ జీవితచరిత్ర ప్రకారం సుమారు 100 గ్రామాల ఆదాయాన్ని రాజు ఆ విహారానికి ఇచ్చాడు. ఆ గ్రామాల నుండి 200 కుటుంబాలు రోజూ బియ్యం, వెన్న, పాలు సమకూర్చేవి. అదే శతాబ్దపు చివరి భాగంలో వచ్చిన ఇత్సింగ్ నాటికి గ్రామాలు 200 దాటాయి. 9వ శతాబ్దంలో సువర్ణద్వీపపు రాజు బాలపుత్రదేవుడు నాలందాలో ఒక విహారం కట్టించి, పాల చక్రవర్తి దేవపాలుని కోరి దానికి 5 గ్రామాలు ఇప్పించాడు. ఆ తామ్రశాసనం 1921లో బయటపడింది. భిక్షువుల చీవరాలు, భోజనం, పడక, మందులు, ధర్మగ్రంథాల ప్రతులు రాయించడం, విహారపు మరమ్మతు ఇవన్నీ అందులో దానప్రయోజనాలుగా చెప్పబడ్డాయి. రోగం వస్తే మందు, చదవడానికి పుస్తకం, కప్పు కారితే మరమ్మతు. విద్యార్థి జీవితాన్ని దగ్గరగా చూసినవారే ఇటువంటి జాబితా రాయగలరు.

హ్యూయన్‌త్సాంగ్ కథనంలో మరొక ముఖ్యమైన మాట ఉంది. నాలందా ద్వారం దగ్గర ప్రశ్నలకు జవాబు చెప్పలేక చాలామంది వెనుదిరిగేవారు. లోపలికి వెళ్లినవారు మాత్రం అవసరాల కోసం ఎవరినీ అడగనక్కరలేకపోయేది. ప్రవేశం కఠినం, పోషణ నిశ్చింత. నేడు మన విద్యార్థికి ప్రవేశం ఎంత కఠినమో పోషణ కూడా అంతే కఠినం.

అయితే చరిత్రకారుడు ఇక్కడే ఇంకొక ప్రశ్న కూడా వేయాలి. ఆ 200 కుటుంబాల పిల్లలు నాలందాలో చదివారా? వారు పండించిన బియ్యం గురించి ఆధారాలు చెబుతున్నాయి గాని, వారి పిల్లల చదువు గురించి చెప్పడం లేదు. విద్యాలయాన్ని పోషించిన చేతులకు విద్య అందాలన్న డిమాండు చరిత్రలో బలంగా వినిపించడానికి చాలా శతాబ్దాలు పట్టింది.

బరోడా నుండి లండన్ దాకా

ఆ డిమాండుకు తన జీవితాన్నే సాక్ష్యంగా చూపినవాడు భీమ్‌రావ్ అంబేద్కర్. ఆయన చదువును ఆర్థిక సహాయం కోణంలో చదివితే నాలుగు మెట్లు కనిపిస్తాయి.

మొదటి మెట్టు సంస్థానాధీశుని ఉదారత. 1907లో మెట్రిక్ గెలిచిన బాలునికి కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ తాను మరాఠీలో రాసిన బుద్ధచరిత్రను కానుకగా ఇచ్చాడు. కళాశాల చదువుకు బరోడా మహారాజు సయాజీరావ్ గాయక్‌వాడ్ నెలకు 25 రూపాయల ఉపకార వేతనం మంజూరు చేశాడు. దానిని ఇప్పించడానికి పూనుకొన్నవాడు కూడా కేలూస్కరే. బుద్ధుని పరిచయమూ, చదువుకు ఆసరా ఒకే చేతి మీదుగా రావడం మనకు గుర్తుండవలసిన విషయం. 1912లో బి.ఎ. పూర్తయింది. 1913 ఫిబ్రవరిలో తండ్రి మరణించాడు. అదే ఏడాది జూన్‌లో విదేశీ విద్య కోసం బరోడా సంస్థానంతో ఒప్పందం కుదిరింది. మూడేళ్లపాటు నెలకు పదకొండున్నర పౌండ్లు ఇస్తారు, తిరిగివచ్చాక పదేళ్లు సంస్థానానికి కొలువు చేయాలి.

ఆ సొమ్ముతోనే ఆయన న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో 1915లో ఎం.ఎ. సాధించాడు. 1916లో భారతదేశంలో కులాల పుట్టుక మీద ప్రసిద్ధ పత్రం సమర్పించాడు. తర్వాత లండన్ చేరాడు. అక్కడి చదువు మధ్యలో ఉండగా 1917లో వేతనం గడువు ముగిసింది. సిద్ధాంత గ్రంథం పూర్తికాకుండానే తిరిగి రావలసి వచ్చింది. గడువు ముగిసే తేదీ విద్యార్థి పరిశోధన ఎంతవరకు వచ్చిందో చూడదు. అంబేద్కర్ అంతటివానికీ ఈ అనుభవం తప్పలేదు.

ఒప్పందం ప్రకారం ఆయన బరోడా కొలువులో చేరాడు. కొలంబియాలో చదివిన ఆ అధికారికి నగరంలో గది ఇచ్చేవారు లేకపోయారు. పార్సీల సత్రంలో పేరు మార్చుకొని ఉన్నాడు. 11వ రోజున కర్రలు పట్టుకొని వచ్చినవారు ఆయనను అక్కడి నుండి వెళ్లగొట్టారు. చిత్తసంభూత జాతకంలోని వేషమూ, గుట్టు బయటపడటమూ, గెంటివేతా 20వ శతాబ్దంలో అదే వరుసలో జరిగాయి. సంస్థానం చదివించగలిగింది, తలదాచుకొనే చోటు ఇప్పించలేకపోయింది.

రెండవ మెట్టు స్నేహితుని అప్పు. 1918 నవంబరు నుండి ఆయన బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో ఆచార్యుడుగా పనిచేసి జీతంలో మిగుల్చుకొన్నాడు. కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ కొంత సాయం చేశాడు. 1902లోనే వెనుకబడిన వర్గాలకు ఉద్యోగాలలో సగం కేటాయించిన పాలకుడాయన. మిత్రుడు నావల్ భతేనా 5,000 రూపాయలు అప్పు ఇచ్చాడు. భతేనా పార్సీ. సత్రం నుండి గెంటినవారూ, అప్పు ఇచ్చి లండన్ పంపినవాడూ ఒకే సమాజంవారు. మనుషులను సమూహాలుగా తీర్పు తీర్చడం ఎంత పొరపాటో ఈ ఒక్క సంగతి చెబుతుంది. 1920లో లండన్ వెళ్లిన అంబేద్కర్ అర్ధాకలితో గ్రంథాలయంలో గడిపి 1923లో డి.ఎస్సి. పట్టం పొందాడు.

ఖజానా తలుపు

రాజు దయ, మిత్రుని అప్పు ఒక్క అంబేద్కర్‌ను తయారుచేయగలిగాయి. వేలమందిని తయారుచేయాలంటే మార్గం వేరుగా ఉండాలని ఆయనకు తెలుసు. 1924లో స్థాపించిన బహిష్కృత హితకారిణి సభ మొదటి పనులలో ఒకటి సోలాపూర్‌లో 1925లో వసతిగృహం తెరవడం. బరోడాలో గది దొరకనివాడు పిల్లలకు ముందుగా గది చూపించాడు.

మూడవ మెట్టు ప్రభుత్వ ఖజానా. 1942లో వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడైన కొద్ది నెలలకే, అక్టోబరు 29న, షెడ్యూల్డ్ కులాల సమస్యల మీద ఆయన ఒక విజ్ఞాపన పత్రం సమర్పించాడు. అందులో ఉన్నత విద్యకు, ముఖ్యంగా విజ్ఞానశాస్త్ర, సాంకేతిక విద్యలకు ప్రభుత్వం నిధులివ్వాలని గట్టిగా వాదించాడు. ప్రాథమిక బడి సరిపోతుందన్న దయాదృష్టిని ఆయన ఒప్పుకోలేదు. అధికార స్థానాలలో కూర్చోగలిగినంత పెద్ద చదువు కావాలన్నాడు. షెడ్యూల్డ్ కులాల విద్యార్థులకు మెట్రిక్ అనంతర ఉపకార వేతనాలు 1944లో మొదలయ్యాయి. నేడు మన పిల్లలు పోస్ట్‌మెట్రిక్ స్కాలర్‌షిప్ అని పిలిచేది ఆ చెట్టు నీడే. విదేశీ విద్యకు జాతీయ ఉపకార వేతనం 1954–55లో ఆరంభమైంది.

నాలుగవ మెట్టు సొంత సంస్థ. 1945 జూలై 8న పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ ఏర్పడింది. 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల, 1950లో ఔరంగాబాద్‌లో తర్వాత మిళింద మహావిద్యాలయంగా పేరొందిన కళాశాల మొదలయ్యాయి. ఒకటి బోధిసత్త్వుని పేరు, మరొకటి నాగసేనుని ప్రశ్నించిన రాజు పేరు. దీక్షకు పదేళ్ల ముందే కళాశాల ద్వారం మీద ఆయన ధమ్మాన్ని చెక్కాడు. అప్పటికి ఔరంగాబాద్ హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేది. ఆ రాష్ట్రపు షెడ్యూల్డ్ కులాల ట్రస్టు నిధి నుండి ఆ కళాశాలకు అప్పు లభించింది. తెలుగు నేల కూడా భాగమైన రాష్ట్రపు నిధి మరాఠ్వాడా పిల్లల చదువుకు ఇటుక అయింది.

దీక్ష తర్వాత

1956 అక్టోబరు 14న నాగపూర్‌లో దీక్ష తీసుకొన్న లక్షలాది మంది ఒక కఠినమైన ఎన్నిక ముందు నిలబడ్డారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కుల హోదా హిందువులకు మాత్రమే. 1956లో సిక్కులను చేర్చారు గాని బౌద్ధులను చేర్చలేదు. మహారాష్ట్ర వంటి చోట్ల రాష్ట్ర ప్రభుత్వం తన పరిధిలో నవబౌద్ధులకు రాయితీలు కల్పించింది. కేంద్ర స్థాయిలో మాత్రం బౌద్ధుడనని రాసుకొన్న విద్యార్థి ఆ హోదాకు దూరమయ్యాడు. ఇంట్లో బుద్ధవందన, దరఖాస్తులో హిందూ అన్న మాట. ఈ రెండు నాలుకల బతుకు ఒక తరమంతా సాగింది. పుట్టుకను దాచి చదివిన ఉజ్జయిని సోదరుల స్థానంలో ధమ్మాన్ని దాచి చదివే పిల్లలు వచ్చారు.

1990లో పార్లమెంటు ఆ ఉత్తర్వును సవరించి బౌద్ధులను చేర్చింది. ఈ విషయం మన కుటుంబాలలో ఇప్పటికీ అందరికీ తెలియదు. బౌద్ధమని రాస్తే కొడుకు స్కాలర్‌షిప్ పోతుందేమోనని భయపడే తల్లిదండ్రులు నేటికీ ఉన్నారు. షెడ్యూల్డ్ కులంలో పుట్టిన విద్యార్థి బౌద్ధుడైనంత మాత్రాన ఆ హోదాను గాని, దానితో వచ్చే ఉపకార వేతనపు అర్హతను గాని చట్టరీత్యా కోల్పోడు. మన ప్రతి విహారం గోడ మీద రాయవలసిన వాక్యమిది.

హక్కు కాగితం మీద ఉన్నా అది చేతికి అందే దారిలో రెండు గండాలున్నాయి. మొదటిది ఆలస్యం. తెలుగు రాష్ట్రాలలో 2008 ప్రాంతం నుండి ఫీజు రీయింబర్స్‌మెంట్ వల్ల ఎన్నో ఇళ్లలో మొదటిసారి ఇంజినీరు, నర్సు, అధ్యాపకుడు పుట్టుకొచ్చారు. ఆ మేలు పెద్దది. కాని నిధులు ఆలస్యమైనప్పుడు భారం విద్యార్థి మీదే పడుతుంది. బకాయి తీరేదాకా ధ్రువపత్రాలు చేతికి రాక, ఆ పత్రాలు లేక పై చదువులో చేరలేక నిలిచిపోయిన పిల్లలను కళాశాల అధ్యాపకులం ఏటా చూస్తూనే ఉన్నాం. 2016 జనవరి 17న హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రాణం తీసుకొన్న రోహిత్ వేముల తన చివరి లేఖలో, తనకు రావలసిన 7 నెలల ఫెలోషిప్ సొమ్మును తన కుటుంబానికి అందేలా చూడమని కోరాడు. ఆ మరణానికి కారణం ఆ బకాయి ఒక్కటే అనడం తప్పు. కాని ఒక పరిశోధకుని చివరి లేఖలోకి స్టయిపెండు లెక్క రావడం మన కాలానికి మచ్చ. అదే ఏడాది ఏప్రిల్ 14న అతని తల్లి, తమ్ముడు బొంబాయిలో బౌద్ధ దీక్ష తీసుకొన్నారు.

రెండవ గండం షరతు. 2022లో విదేశీ విద్యా ఉపకార వేతనపు నిబంధనలు మారాయి. భారతీయ సంస్కృతి, వారసత్వం, చరిత్ర, మన దేశంపై సామాజిక అధ్యయనాలు ఆ వేతనపు పరిధి నుండి తొలగించబడ్డాయి. చరిత్ర చెప్పి బతికే నాకు దీనిలోని వైపరీత్యం కళ్లకు కడుతోంది. 1913లో ఒక మహారాజు సొమ్ముతో వెళ్లిన విద్యార్థి 1916లో కులం పుట్టుక మీద పత్రం రాయగలిగాడు. అదే అంశంతో నేటి విద్యార్థి ప్రజల సొమ్ముతో వెళ్లాలంటే ఆ నిబంధన అడ్డం నిలుస్తుంది.

మన వంతు

ఈ సుదీర్ఘ చరిత్ర నుండి చదువు సహాయానికి మూడు గీటురాళ్లు తీసుకోవచ్చు. అది నిలకడగా ఉండాలి, నాసిక్ నిధిలా. అది అవసరానికి చాలాలి, వేళకు అందాలి, నాలందా అన్నంలా. అది పుచ్చుకొనేవాని తల వంచకూడదు, అతని ప్రశ్నకు హద్దు గీయకూడదు. ప్రభుత్వం ఇచ్చే సహాయాన్ని ఈ మూడింటితోనే కొలవాలి, తగ్గినచోట అడగాలి. అది ఎవరి దయా కాదు, 1942 నుండి వాదించి గెలుచుకొన్న హక్కు.

అడుగుతూనే మనం చేయవలసినది కూడా ఉంది. రిజర్వేషన్ల వల్ల, ఉపకార వేతనాల వల్ల ఉద్యోగస్థులైన తరం నేడు ప్రతి పట్టణంలోనూ ఉంది. ఒక పట్టణంలో 100 మంది ఉద్యోగులు నెలకు 1,000 రూపాయల చొప్పున వేస్తే ఏడాదికి 12 లక్షలు. అయిదేళ్లు ముట్టకుండా ఉంచితే అసలే 60 లక్షలు. నూటికి 6 వడ్డీ వచ్చినా ఏటా 3 లక్షల 60 వేలు. 12 మంది విద్యార్థులకు తలకు 30 వేలు. ప్రభుత్వ నిధి ఆలస్యమైన నెలలలో పరీక్ష రుసుము కట్టడానికి, హాస్టల్ బకాయి తీర్చడానికి, ఊరు విడిచి వెళ్లే ఆడపిల్లకు మొదటి నెల అద్దె ఇవ్వడానికి ఇది చాలు. ఉషవదాతుని లెక్క 20 మందికి 12 చొప్పున. మన లెక్క 12 మందికి 30 వేల చొప్పున. సూత్రం ఒకటే.

ఆ నిధి లెక్కలు ప్రతి బుద్ధపూర్ణిమ నాడు సభలో చదివి వినిపించాలి. దాత పేరు చదవవచ్చు గాని పుచ్చుకొన్న బిడ్డ పేరు చదవనక్కరలేదు. చెక్కు చేతికిచ్చి వేదిక మీద నిలబెట్టి ఫొటో తీయించే అలవాటు మన సభలలో ఉంటే మానుకోవాలి. దానం ఇచ్చేవానిలో లోభాన్ని తగ్గించడానికే గాని, పుచ్చుకొనేవానిలో చిన్నతనాన్ని పెంచడానికి కాదు. సహాయం పొందిన విద్యార్థి ఉద్యోగంలో చేరాక తిరిగి ఇవ్వవలసినది దాతకు కాదు, నిధికి. అప్పుడే అది అక్షయనీవి అవుతుంది.

నాలందాకు బియ్యం పంపిన ఆ 200 కుటుంబాల పేర్లు ఏ శాసనంలోనూ మిగలలేదు. వారివంటి శ్రామికుల వారసులం మనం. బియ్యం పంపిన ఇంటి నుండే విద్యార్థి కూడా బయలుదేరే రోజును మన కళ్లతో చూస్తున్నాం. ఆ ప్రయాణం డబ్బు లేక దారిలో ఆగిపోకుండా చూడటం మన బాధ్యత.